నా నోరు ఆఫ్‌రోడ్

నా నోటికి బండి నంబరు కేటాయించిన నాటికి నా కుడి దవడ బత్తాయికాయంత ఉంది. అందువల్ల ఆ గౌరవానికి తగినట్టు సంతోషించలేకపోయాను.

నా పేరు మాలకొండయ్య. సుగమ రవాణా సంస్థ వారి చింతలదిన్నె బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను. "కనిగిరి, పామూరు వెళ్ళు ప్రయాణికులకు మనవి" అని నేను అందుకుంటే, బెంచీల మీద కునికే వాళ్ళు కూడా మూటలు సర్దుకుని లేస్తారు. ఇంట్లో నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాదు. వీధిలో అసలు మాట్లాడను. మైకు ముందు కూర్చున్నప్పుడే నేనూ ఒక మనిషినని నాకు అనిపిస్తుంది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ వ్యవహారంలో పోబోయింది ఆ మైకే.

జూన్ మొదటి వారంలో చివరి పన్ను వెనకాల చిగురు చీము పట్టింది. రెండు రోజులు లవంగం పెట్టుకుని ఓర్చుకున్నాను. మూడో రోజు నోరు సగమే తెరుచుకుంది. పొదిలి బస్సును ఏదో వేరే భాషలో పిలిచానట, ఒక్కరూ ఎక్కలేదు. దాంతో పళ్ళ డాక్టరు హైమావతి గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చిగురు శుభ్రం చేసి మందులు రాసిచ్చింది.

"ఐదు రోజులు మాత్రలు మానకుండా వాడండి. నొప్పి తగ్గింది గదాని మధ్యలో ఆపొద్దు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు రోజుకు నాలుగుసార్లు పుక్కిలించండి. మెత్తటి బ్రష్షు, మెత్తటి తిండి. కారం వద్దు. తల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకోండి. మూడు రోజులు మాట తగ్గించండి. మళ్ళీ వాపు పెరిగినా, జ్వరమొచ్చినా వెంటనే రండి."

"నా పనే మాట్లాడటం అండీ," అన్నాను, సగం నోటితో.

"అందుకే సెలవు పెట్టమంటున్నా. వారంలో మామూలైపోతారు."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. వారం కూడా పట్టలేదు. కానీ ఆవిడకు మా సంస్థ సంగతి తెలియదు.

మా సంస్థకు కొత్తగా వచ్చిన మేనేజింగ్ డైరెక్టరు గారు ఆ మధ్య ఏదో కొండ మీద ఐదు రోజుల శిబిరానికి వెళ్ళారు. అక్కడ కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చి, కళ్ళు తెరిచేసరికి ఎదురుగా స్వీయ సంరక్షణ కనిపించిందట. కొండ దిగిన రోజే అన్ని డిపోలకూ ఉత్తర్వు పంపారు. నేను సెలవు చీటీ పట్టుకుని వెళ్ళేసరికి మా డిపో మేనేజరు విశ్వనాథం గారు దాన్నే చదువుతున్నారు. నన్ను చూసి గొంతు సవరించుకుని పైకి చదివారు.

"అనారోగ్య సెలవుపై గల ప్రతి ఉద్యోగియు తన గృహమునందు స్వీయ సంరక్షణ గావించుకొనవలెను. సదరు సంరక్షణ సక్రమముగా జరుగుచున్నదీ లేనిదీ డిపో మేనేజరు ప్రతిదినము తనిఖీ చేయించి, నిర్ణీత ఫారమునందు నివేదించవలెను."

ఇంతవరకు బాగానే ఉంది. నిర్ణీత ఫారం మాత్రం పంపలేదు. విశ్వనాథం గారు ముప్పై ఏళ్ళ సర్వీసులో ఖాళీ కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. ఆయన దృష్టిలో అది బట్టలు లేకుండా బజారుకు వెళ్ళడంతో సమానం. డిపోలో రోజువారీ తనిఖీకి ఉన్న ఫారం ఒక్కటే, బస్సులది.

"మాలకొండయ్యా, సంస్థ దృష్ట్యా నీ నోరు ఏమిటి?" అని అడిగారు.

"నోరే అండీ."

"కాదు. అది రవాణా నిర్వహణకు ఉపయోగపడు సామగ్రి. బస్సు ఏ కోవకు చెందునో అదీ ఆ కోవకే చెందును. కనుక ఈ ఫారం దానికి వర్తించును." అని, బస్సు నంబరు రాయవలసిన చోట 'చింతలదిన్నె డిపో, నోరు-1' అని రాశారు. దాని కింద ఎక్స్‌ప్రెసా, ఆర్డినరీయా అని ఉంది. నా ముఖం చూసి ఆర్డినరీ అని టిక్కు పెట్టారు. మామూలు రోజైతే నేను ఊరుకునేవాణ్ణి కాదు.

"ఇంకొక విషయం. పది దినములకు మించి ఆఫ్‌రోడ్‌లో ఉన్న సామగ్రి స్థానే ప్రత్యామ్నాయమును ఏర్పాటు చేయవలెనని నిబంధన. హెడ్డాఫీసు నుంచి ప్రకటనల యంత్రం ఇదివరకే వచ్చియున్నది," అంటూ బల్ల పక్కనున్న అట్టపెట్టె చూపించారు.

బండి చెడి గ్యారేజీలో పడి ఉంటే మా వాళ్ళు ఆఫ్‌రోడ్ అంటారు. ఆ పెట్టె చూడగానే నాకు చిగురు నొప్పి మర్చిపోయేంత భయం వేసింది. పది రోజుల్లో ఫిట్‌నెస్ రాకపోతే నా కుర్చీలో ఆ పెట్టె కూర్చుంటుంది, నేను పాత టైర్ల గోడౌనులో కూర్చుంటాను.

మర్నాడు తెల్లారకముందే గేటు చప్పుడైంది. బస్సులు డిపో దాటకముందు తనిఖీ చేసే వేళ అది. వచ్చినవాడు గ్యారేజీ ఫోర్‌మన్ మస్తాన్ వలి. నాకు తమ్ముడి లాంటివాడు. చంకలో లాగ్‌బుక్కు, చేతిలో టార్చిలైటు. నా భార్య ఆదిలక్ష్మి తలుపు తీసింది.

"ఏమనుకోబాకన్నా," అన్నాడు తల దించుకుని. "బానెట్టు ఎత్తు."

నోరు తెరిచాను. టార్చి వేసి చూసి రాసుకోవడం మొదలుపెట్టాడు. ముందు అద్దం పగల్లేదు, అంటే ముందు పళ్ళు బాగున్నాయి. వైపర్లు ఆడుతున్నాయి, అంటే నాలుక రెండు వైపులా తిరిగింది. లీకేజీ స్వల్పం. టైర్లలో గాలి దగ్గరికొచ్చేసరికి వాడు కాసేపు ఆలోచించి, నా బుగ్గలు రెండూ బొటనవేలితో మెల్లగా నొక్కి, "కుడివైపు ఎక్కువుంది" అని రాశాడు. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అవి కూడా లీకేజీ కింద కలిపాడు.

"ఇంక హారనొక్కటే. ఒక్కసారి 'ఆ' అనన్నా."

"అదేంది మస్తానూ!" అంది ఆదిలక్ష్మి. "డాక్టరమ్మ మాట్టాడొద్దని చెప్పింది గదా!"

"నాకు తెలవదా వదినా? హారన్ చూడకుండా సంతకం పెడితే నా ఉజ్జోగం పోద్ది. కాలమ్ ఉండాది, ఏం జేసేది?"

'ఆ' అన్నాను. నొప్పి చెవిదాకా ఎక్కింది. ఎదురింటి కుక్క కూడా జవాబు చెప్పింది. హారన్ పనిచేయుచున్నది అని రాసి మస్తాన్ వెళ్ళిపోయాడు. సాయంత్రం బండ్లు డిపోకు తిరిగొచ్చే వేళకు మళ్ళీ వచ్చాడు.

ఉప్పునీళ్ళ దగ్గర అసలు చిక్కు వచ్చింది. సంస్థ సామగ్రికి వాడే ప్రతి పదార్థమూ సంస్థ స్టోర్సు నుంచే రావాలి. బయటి సరుకు వాడకూడదు. నేను ఉప్పు కావాలని ఇండెంటు పెట్టాను. స్టోర్సు జాబితాలో ఉప్పు లేదు. వాళ్ళు బాగా వెతికి, ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది పంపారు. బ్యాటరీలలో పోసే నీళ్ళు రెండు క్యాన్లు, చిగురుకు రాయడానికి ఒక గ్రీజు డబ్బా.

ఆదిలక్ష్మి క్యాన్లను బాత్‌రూములో పెట్టింది. గ్రీజు తీసుకెళ్ళి వీధి గేటు బందులకు పూసింది. ఏళ్ళ తరబడి కీచుమంటున్న గేటు ఆ రోజుతో నోరు మూసింది. ఆ వారంలో స్వీయ సంరక్షణ వల్ల మా ఇంట్లో నిజంగా బాగుపడింది ఆ గేటొక్కటే.

"వంటింట్లో డబ్బాడు రాళ్ళుప్పు పెట్టుకుని ఇండెంటేందయ్యా నీ మొహం!" అని, గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు కలిపి గ్లాసు నా చేతికిచ్చింది. అప్పుడే మస్తాన్ వచ్చాడు. గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు.

"వదినా, నేను మీ జామచెట్టుకి కాయలెన్నున్నాయో చూసొస్తా. ఈ లోపల ఏం జరిగినా నాకు తెలవదు," అని పెరట్లోకి నడిచాడు. ఆ చెట్టుకు కాయలు లేవు. అయినా ఆ వారమంతా రోజుకు రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాడు.

నాలుగో రోజుకు నొప్పి చాలా తగ్గింది. మెత్తటి ఇడ్లీలు పాలల్లో నానబెట్టి ఎడమవైపు నములుతున్నాను. అప్పుడే విశ్వనాథం గారి దగ్గర్నుంచి మెమో వచ్చింది. ఫారంలో ఇంధనం అనే గడి ఉంది. మస్తాన్ అమాయకంగా అందులో నేను తిన్నవన్నీ రాశాడు.

"సదరు నోరు నాలుగు దినములలో ఇరువది ఏడు ఇడ్లీలను, పదకొండు గ్లాసుల రాగిజావను వినియోగించుకొని, ఒక్క ప్రకటనయు చేయలేదు. ఇది ఇంధన దుర్వినియోగముగా ఎందుకు పరిగణించరాదో సంజాయిషీ ఇవ్వవలెను."

నేను ఒళ్ళు మండినా మర్యాదగానే రాశాను. "సదరు నోరు మూసి ఉంచవలెనని వైద్యుల ఆదేశము."

సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. "మూసి ఉన్నచో ఇడ్లీలు ఏ మార్గమున ప్రవేశించినవో వివరించవలెను."

ఆరో రోజుకు వాపు పూర్తిగా పోయింది. డాక్టరు గారు చూసి, బాగా మానింది, ఇక పనిలోకి వెళ్ళొచ్చని రాసిచ్చారు. నేను ఉతికిన చొక్కా వేసుకుని, ఆ కాగితం పట్టుకుని డిపోకు పరుగెత్తాను. విశ్వనాథం గారు దాన్ని రెండు వైపులా తిప్పి చూశారు.

"ఈవిడ మనుషుల డాక్టరు. బండికి ఫిట్‌నెస్ ఇచ్చు అధికారం ఈవిడకు ఎక్కడిది?"

"నేను మాట్లాడుతున్నా కదండీ! వినపడట్లేదా అండీ?"

"వ్యక్తిగతంగా వినపడుచున్నది, మాలకొండయ్యా. కార్యాలయమునకు వినపడవలెనన్న ప్రత్యేక అధికారి గారు రావలెను."

ఆ ప్రత్యేక అధికారి, హెడ్డాఫీసులో స్వీయ సంరక్షణ విభాగానికి పెద్ద అయిన పరాంకుశం గారు, తొమ్మిదో రోజు మధ్యాహ్నం మా ఇంటి ముందు జీపు దిగారు. వరండాలో కుర్చీ వేశాం. ఆదిలక్ష్మి ఇచ్చిన మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని, నన్ను వెలుతురులో నిలబెట్టి నోరు తెరవమన్నారు. చిగురు వంక చూడనైనా చూడలేదు. పళ్ళు లెక్కపెట్టారు. రెండోసారి కూడా లెక్కపెట్టి, వెనక్కి జరిగి, లాగ్‌బుక్కుతో పక్కన నిలబడ్డ మస్తాన్ వలితో గంభీరంగా అన్నారు.

"ముప్పై రెండు ఉండవలసిన చోట ముప్పై ఉన్నవి. రెండు విడిభాగములు మాయమైనవి."

"ఒకటి పుచ్చిపోతే పన్నెండేళ్ళ కిందట పీకించానండీ," అన్నాను.

"పాత భాగమును స్టోర్సుకు జమ చేసిన రసీదేది?"

"ఆసుపత్రిలో చెత్తబుట్టలో వేశారండీ."

పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. వెంట వచ్చిన గుమాస్తా పెన్ను ఆపేశాడు. "రెండవది?"

"అది అసలు మొలవనేలేదండీ."

"అనగా భాగము లేకుండగనే బండి బయటికి వచ్చినది. తయారీదారులెవరు?"

"మా అమ్మా నాన్నా అండీ."

"వారి నుండి లేఖ తెప్పించండి."

"ఇద్దరూ పోయారండీ."

"అయ్యో పాపం," అన్నారాయన, మొదటిసారి మామూలు మనిషిలాగా. వెంటనే సర్దుకున్నారు. "అయినచో వారంటీ వర్తించదు. తయారైన సంవత్సరం?"

నాకు యాభై ఒకటి నడుస్తోందని చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. ఇంత సేపూ నా కేసు ఎటు తేల్చాలో తెలియక తికమకపడుతున్న మనిషికి దారి దొరికినట్టుంది. పదిహేనేళ్ళు దాటిన ఏ బండీ రోడ్డు మీద ఉండకూడదనేది సంస్థ విధానం. నేను దాన్ని ముప్పై ఆరేళ్ళుగా ఉల్లంఘిస్తున్నాను. అక్కడికక్కడే కండెమ్, అంటే ఇక పనికిరాదు, అని రాసి సంతకం చేశారు. మస్తాన్ చేతికి రంగు డబ్బా ఇచ్చి గుర్తు వేయమన్నారు.

వాడు నా ముఖం చూడలేక, చొక్కా జేబు మీద గోరంత చుక్క పెట్టి, "నన్ను తిట్టుకోబాకన్నా" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. సిగ్గెందుకు, బాగా ఏడ్చాను. చీము పట్టిన రోజున కూడా అంత నొప్పి తెలియలేదు.

పదకొండో రోజు నుంచి బస్టాండులో పెట్టె మాట్లాడటం మొదలుపెట్టింది. మర్నాడు మా ఇంటి గోడ మీద నోటీసు అంటించారు. "కండెమ్ చేయబడిన నోరు ఒకటి, ఉన్నది ఉన్నట్టుగా, బహిరంగ వేలము." ఆదిలక్ష్మి దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. తరవాత మస్తాన్‌ను పిలిచి కూర్చోబెట్టింది.

"కండెమ్ అయిన బండ్లను కొన్నోళ్ళు ఏం జేసుకుంటారు మస్తానూ?"

"రంగేసుకుని తిప్పుకుంటారు వదినా. కొన్ని మళ్ళా మన సంస్థలోనే అద్దెకు తిరగతుంటాయి."

"మన సంస్థలోనేనా?"

"అవును. బండిని పనికిరాదని అమ్మేది వీళ్ళే, బండ్లు చాలట్లేదని అద్దెకు తీసుకునేదీ వీళ్ళే."

ఆదిలక్ష్మి లేచి నోటీసులో వేలం తేదీ మరోసారి చూసుకుంది. వేలం రోజు డిపోలో నన్ను పాత టైర్ల పక్కన బల్ల మీద కూర్చోబెట్టారు. అలవాటుగా వచ్చే పాత ఇనుము వ్యాపారి ఒకడు వచ్చి, నా నోట్లోకి తొంగి చూసి, "ఇందులో ఇనుమేం లేదే" అని వెళ్ళిపోయాడు. మిగిలింది మా ఆవిడే. మొదటి పాట ఆమెదే, చివరి పాటా ఆమెదే. రసీదు మడిచి కొంగున కట్టుకుని, నన్ను ఇంటికి తోలుకొచ్చింది.

ఈలోపు బస్టాండులో పరిస్థితి చేయి దాటింది. ఆ పెట్టెలో మాటలు నింపింది రాజధానిలోని పెద్ద బస్టాండు కోసం. మా చింతలదిన్నెలో ప్లాట్‌ఫారాలు నాలుగే. పెట్టె మాత్రం కందుకూరు బస్సు నలభై మూడో ప్లాట్‌ఫారం మీదికి వచ్చునని చక్కటి గొంతుతో చెబుతుంది. ఆ నలభై మూడు కోసం వెతుక్కుంటూ ఒక పెళ్ళివారి బృందం పొగాకు గోడౌనుల దాకా వెళ్ళిపోయింది. దర్శి వెళ్ళాల్సిన సంత జనం కోళ్ళ గంపలతో సహా విశ్వనాథం గారి గదిలోకి వచ్చేశారు, ఆ గది తలుపు మీద ఏదో నంబరు ఉందని.

ఆ సాయంత్రం విశ్వనాథం గారే మా ఇంటికి వచ్చారు. చొక్కా మీద కోడి ఈక ఉంది.

"మాలకొండయ్యా, రేపటి నుంచి వచ్చేయవయ్యా."

నోరు తెరవబోయాను. ఆదిలక్ష్మి చేయి అడ్డుపెట్టింది.

"దాంతో మీకేం పని సార్? అది నాది. రసీదు ఉండాది," అని కొంగుముడి విప్పి చూపించింది.

విశ్వనాథం గారు రసీదు చూశారు. అది ఫారం మీద ఉంది, సంతకం ఆయనదే. ఇక అనుమానించడానికి ఏమీ లేదు. చాలాసేపు గడ్డం గోక్కుని, "అద్దె ప్రాతిపదికన తీసుకొనుటకు నిబంధన కలదు," అన్నారు.

"అద్దె బండికి రోజూ తనిఖీలుంటాయా?"

"ఉండవమ్మా. నిర్వహణ పూర్తిగా యజమాని బాధ్యత."

"ఇడ్లీల లెక్క?"

"యజమాని ఇష్టం."

"వయసు, పళ్ళు?"

"అద్దె బండ్లను మేము అంత లోతుగా చూడమమ్మా. తిరిగితే చాలు. ఒక్కటే షరతు, కండక్టరు మాత్రం సంస్థ వారే ఉండవలెను."

ఆదిలక్ష్మి ఒప్పుకుంది. నన్ను ఎవరూ అడగలేదు. బండిని ఎవరు అడుగుతారు?

అలా పదహారో రోజు పొద్దున నేను మళ్ళీ మైకు ముందు కూర్చున్నాను. మెడలో 'అద్దె' అని చిన్న బోర్డు వేలాడుతోంది. నా పక్కన కుర్చీలో ఈలతో కండక్టరు కూర్చున్నాడు. ఆయన ఈల వేసి "రైట్ రైట్" అంటేనే నేను మొదలుపెట్టాలి, "హోల్డాన్" అంటే ఆపాలి. ఆయన ఈల వేసి రైట్ రైట్ అన్నాడు. నేను మొదలుపెట్టాను. "కనిగిరి, పామూరు వెళ్ళు ప్రయాణికులకు మనవి. మీ బస్సు రెండవ ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నది." బెంచీల మీద కునికేవాళ్ళు తలలెత్తారు. తరవాత ఎవరో ముసలాయన, "ఒరే, ఈయన బతికే ఉన్నాడ్రా!" అని అరిచాడు. జనం నవ్వుతూ రెండో ప్లాట్‌ఫారం వైపు పరుగెత్తారు. రెండో ప్రకటన చేయడానికి కండక్టరు మూడుసార్లు ఈల వేయాల్సి వచ్చింది.

నెల తిరక్కుండానే డిపోలో చాలామంది కండెమ్ కావడానికి దరఖాస్తులు పెట్టుకున్నారు. డ్రైవర్లు తమ నడుములకు, గుమాస్తాలు తమ కళ్ళకు. పొద్దున్నే టార్చిలైటుతో ఇంటికొచ్చే తనిఖీ పడలేక, అందరి నోటా అదే మాట.

నిన్న విశ్వనాథం గారు మా ఇంటికి వచ్చారు. ఎడమ దవడ మీద తడిగుడ్డ పెట్టుకుని ఉన్నారు. చిగురట. ఉత్తర్వు ఆయనకూ వర్తిస్తుంది కనుక నాలుగు రోజులుగా మస్తాన్ వలి తెల్లారేసరికి ఆయన బానెట్టు ఎత్తుతున్నాడు. హారన్ సరిగ్గా మోగడం లేదని మూడుసార్లు రిమార్కు కూడా రాశాడు. పది రోజులు దాటితే డిపో మేనేజరు కుర్చీలోకి కూడా ఏదో పెట్టె వస్తుందని హెడ్డాఫీసులో అనుకుంటున్నారట.

ఆయన వరండాలో కూర్చుని, మాట కూడదీసుకుని, ఆదిలక్ష్మి వంక దీనంగా చూశారు.

"అమ్మా, ఆ పరాంకుశం గారు రేపు నన్ను కూడా కండెమ్ చేస్తున్నారు. వేలంలో నన్ను కూడా మీరే పాడుకోండమ్మా."

"అదేంది సార్, మీ ఇంట్లో అమ్మగారు లేరా? ఆమెనడగండి."

"అడిగానమ్మా," అన్నారు విశ్వనాథం గారు. "బండి కండిషను చూసి వద్దంది."